ఏ యేటి పండు

నిన్న నువ్వు మామిడిపండు ముక్కల డబ్బా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు నేనేమీ అనలేదు. బయట చలి. కిష్టారెడ్డిపేటలో మన ఆరో అంతస్తు నుంచి చూస్తే ఒక్క మామిడి చెట్టు కూడా కనపడదు, కనపడినా ఇంకా పూత కూడా వచ్చి ఉండదు. అన్నం తిన్నాక గిన్నెలో వేసి ఇచ్చావు, తిన్నాను. తియ్యగానే ఉంది. ఇంకేమీ అనిపించలేదు. పొద్దున లేచాక మాత్రం ఒక మనిషి గుర్తుకొచ్చింది.

ఆమె గురించి చెబుతాను, రాసుకో. నా మాటలు నువ్వు ఎలాగూ బడి తెలుగులోకి దిద్దుతావు, దిద్దుకో. ఆమె మాటలు మాత్రం దిద్దకు. పేరు కూడా రాయకు. ఆ ఇంట్లో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. మీ తాతకు పెద్దమ్మ, నాకు అత్తమ్మ, మా జామపండ్లు కొనే తోట సాయబుకు అమ్మ. తల్లి లేని మీ తాతను పెంచింది ఆమే. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లేసరికి ఇంట్లో వాళ్లిద్దరే ఉన్నారు. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు పోతుంటే రోడ్డుకు కాస్త లోపల ఉండేది మా ఊరు. ఇంకా హైదరాబాదు స్టేటుగా ఉన్న రోజులు. ఇప్పుడు నువ్వు చూసే ఫ్యాక్టరీలు ఒక్కటీ లేవు. జొన్న చేలు, జామ తోటలు, బొంబాయి రోడ్డు మీద ఎప్పుడో ఒక లారీ.

ఇంట్లోకి వచ్చే ప్రతి కాయా గడప దగ్గర ఆగాల్సిందే. ఆమె గడప పక్కన ఒక కాలు చాపి, ఒక కాలు ముడుచుకుని కూర్చునేది. కళ్లలో పొర వచ్చింది కాబట్టి చూపు కంటే గోరునే ఎక్కువ నమ్మేది. వంకాయ తొడిమ గిల్లి, వాసన చూసి, "యాడ పుట్టినవే?" అని వంకాయనే అడిగేది. కాసేపు ఆగేది, అది ఏదో చెబుతున్నట్టు. నచ్చకపోతే గంపను వెనక్కి నెట్టేది. "కాలం గాని కాయ కడుపుకు సుట్టం గాదు" అనేది. ఈ మాట రోజుకు ఒకసారైనా వినేదాన్ని.

నెలలకు ఆమె దగ్గర వేరే పేర్లుండేవి. చలికి అనపకాయల నెల, ఎండలకు చింతచిగురు నెల, వానలకు బోడకాకర నెల. నేను నెల తప్పిన సంగతి చెబితే వేళ్లు మడిచి లెక్క పెట్టి, "బోడకాకరలు ఒచ్చెనాటికి కంటవు" అంది. మీ నాన్న అలాగే పుట్టాడు. ఆ పూట ఇంట్లో బోడకాకర కూర.

ఒక ఎండాకాలం రోడ్డు మీద కారు ఆపి పట్నం దొరసాని ఒకామె మా వాకిట్లోకి వచ్చింది. సంగారెడ్డి జామపండ్లు మంచివని విన్నదట, ఉన్నాయా అని అడిగింది.

"ఉన్నయ్" అంది అత్తమ్మ.

"అయితే చూపించండి."

"చెట్టు లోపట ఉన్నయ్. వానలు పడ్డంక బయటికొస్తయ్, అప్పుడు రాండ్రి."

ఆ దొరసానికి ఇది ఎగతాళి అనిపించింది. నిజానికి కాదు. మంచినీళ్లు ఇచ్చి, చాప వేసి, ఎండ తగ్గేదాకా కూర్చోమని బతిమాలింది కూడా. పండు అడగడం తప్పని ఆమెకు అనిపించలేదు. రాని పండును రమ్మనడం తప్పు. అంతే.

అలాగని ఆమె దేన్నీ నిలవ పెట్టదని కాదు. చలికాలం అంతా నులక మంచాల మీద ఒరుగులు ఎండేవి. చిక్కుడు, వంకాయ, కాకర, అన్నీ కోసి, ఉప్పు పట్టించి ఎండబెట్టేది. ఒక్కొక్క ముక్కను వేలితో తిప్పుతూ ఏదో మాట్లాడేది. మీ తాత సంగారెడ్డి కోర్టులో గుమస్తా. వాదన అంటే సరదా. ఒకరోజు పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, చలికాలపు చిక్కుడుకాయ నువ్వు ఎండకాలంల తింటవ్. గది కాలం గానిది గాదా?"

"దానికి ముడుతలున్నయ్ కొడుకా. నేను ముసల్దాన్నని అదే జెప్తది. పడుసుదాని లెక్క సోకు చేసుకొని కూసోదు."

"అంటే ముసల్దని ఒప్పుకుంటే తినొచ్చు."

"ఒప్పుకోనిదాన్ని ఎట్ల తింటం?"

మీ తాత నా వైపు చూసి, "మా వకీలు సాబ్‌లకంటె ఈమెనే నయం" అన్నాడు. ఆమె ముక్కలు తిప్పుతూనే ఉంది.

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టింది వానాకాలంలో. మామిళ్లు అప్పటికే అయిపోయాయి. అందుకే ఆ ఇంట్లో మామిడిపండుకు సంబంధించి ఒక పద్ధతి ఉందని నాకు తెలియలేదు. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అప్పటికి రాలేదు.

మూడో నెలలో నాకు ఏది తిన్నా వాంతి అయ్యేది. జొన్నరొట్టె వాసనే పడేది కాదు. అది అనపకాయల నెల, మంచి చలి. మీ తాత సంగారెడ్డి నుంచి వస్తూ పేపరులో చుట్టి ఒక డబ్బా తెచ్చాడు. కోర్టుకు వచ్చే ఒక పెద్దమనిషి పట్నం నుంచి తెచ్చి ఇచ్చాడట. అలాంటిది అంతకుముందు నేను చూడలేదు. ఉలి పెట్టి సుత్తెతో కొట్టి మూత తెరిచాడు. లోపల చక్కెర నీళ్లలో మామిడిపండు ముక్కలు. అప్పుడే కోసినట్టున్నాయి. నాలుగు తిన్నాను, వాంతి కాలేదు. పది రోజుల తరువాత కడుపులో ఏదైనా నిలిచింది అప్పుడే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. మా పుట్టింటి నుంచి వచ్చిన దోసకాయలను ఆమె రెండుసార్లు గడప దగ్గరే వెనక్కి నెట్టింది. ఆ కోపం నాలో ఉంది. కాలం కాని పండును ఒక్కసారి ఆమె నోటితోనే బాగుందనిపించాలని అనుకున్నాను. కొత్త కోడలి పంతం, ఇంకేమీ లేదు. మీ తాత గడ్డి వేయడానికి కొట్టంలోకి వెళ్లాడు. నేను గిన్నెలో నాలుగు ముక్కలు వేసి, ఏమిటో చెప్పకుండా ఆమె చేతికిచ్చాను. మసక వేళ. ఆమె కళ్లకు గిన్నె కనపడిందేమో గానీ ముక్కలు కనపడలేదు.

"గుమ్మడికాయనా పోరీ?"

"తిని జెప్పు అత్తమ్మా."

ఒకటి తింది. రెండోది తింది.

"బెల్లం ఎక్కువ ఏసినవ్. బాగనే ఉంది."

నాకు నవ్వు వచ్చింది. మూడో ముక్క దగ్గర ఆమె దవడ ఆగింది. నోట్లోది అరచేతిలోకి తీసుకుంది. వేళ్లతో నలిపింది, వాసన చూసింది.

"పోరీ, గిది మామిడి."

మీ తాత కొట్టం నుంచి వచ్చి అక్కడే నిలబడిపోయాడు. ఆయన ముఖం చూశాకే నాకు తెలిసింది, నేను చేసింది చిన్న పని కాదని.

ఆయన నన్ను కొట్టం దగ్గరికి తీసుకుపోయి చెప్పాడు. ఆమెకు ఒక కొడుకు ఉండేవాడు. పెళ్లి కుదిరాక, ఒక వానాకాలంలో మూడు రోజుల జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం మొదటి పండు అతనికి ఆకులో పెట్టి, ఆ తరువాతే ఆమె మామిడి ముట్టుకునేది. పిల్లలు పోయిన తల్లులకు ఆ పక్కన అది పద్ధతి. ఈ ఏడు పండు ఇంకా రాలేదు. కొడుక్కు పెట్టలేదు. ఆమె తినేసింది.

మేం తిరిగి వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. చేతిమీది రసం ఎండిపోయింది, కడుక్కోలేదు. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"గా డబ్బల పండు ఏ యేడుది?"

ఆ ప్రశ్న ఎందుకో మాకిద్దరికీ అర్థమైంది. పోయిన ఎండాకాలం పండయితే, కొడుకు వంతు అప్పుడే పెట్టేసింది కాబట్టి తప్పు లేదు. అలా కాక, ఎక్కడో దూర దేశంలో ముందే కాసిన ఈ ఏటి పండయితే, కొడుకు కంటే ముందు తల్లి తిన్నట్టు.

మీ తాత డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. దానిమీద ఉన్నది ఇంగ్లీషు. ఆయన చదివింది ఉర్దూ, కోర్టు కాగితాలన్నీ అప్పుడు ఉర్దూలోనే. ఇంగ్లీషులో తన పేరు రాయడం తప్ప ఆయనకు ఏమీ రాదు. అయినా డబ్బాను అటూ ఇటూ తిప్పాడు.

"పోయిన యేడుదే పెద్దమ్మా. పోయిన యేడు అని గీడనే రాసుంది."

"యాడ?"

ఆమె వేలు పట్టుకుని ఏవో అక్షరాల మీద ఆనించాడు. ఆమె ఆ చోటును గోటితో తడిమింది. "మంచిది" అంది.

పొద్దున చూస్తే ఒక ముక్కను పిట్టగోడ మీద పెట్టి ఎదురుచూస్తోంది. కాకి రానే వచ్చింది, ముక్కను ఎత్తుకుపోయింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "ముట్టింది గదా అత్తమ్మా" అన్నాను.

"కాకికేమెరుక. అది సబ్బు గూడ తింటది" అంది. మిగిలిన ముక్కలు గిన్నెలోకి వంపి, డబ్బాను కొంగులో చుట్టుకుంది. "నడువు, పటాన్‌చెరు పోదాం."

పటాన్‌చెరులో తోట సాయబు ఉండేవాడు. తరాలుగా పండ్ల వ్యాపారం వాళ్లది. మా జామ తోటను ప్రతి ఏడూ ఆయనే గుత్తకు తీసుకునేవాడు. ముసలివాడు, గడ్డానికి గోరింటాకు. కళ్లు మూసుకుని పండు పట్టుకుంటే ఏ ఊరి చెట్టుదో చెప్పేవాడు. ఆ పక్క పల్లెలన్నీ పండు విషయంలో ఆయన మాటకు తిరుగులేదని నమ్మేవి. మేం వెళ్లేసరికి ఇంటి ముందు గంపలకు నార బిగిస్తున్నాడు. ఆమె డబ్బాను ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పింది. నా పేరు ఎత్తలేదు. "తెల్వక తిన్న భాయ్" అంది, అంతే.

సాయబు డబ్బా అడుగున మిగిలిన చుక్కను వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"అమ్మా, చెట్టు మీద కాయను జూపియ్, ఏ దినం రాలుతదో జెప్త. గిట్ల ఉడకబెట్టి శక్కర నీళ్లల్ల ఏసినంక, దానికి నెల లేదు, సాల్ లేదు, ఊరు గూడ లేదు. నాకు తెల్వదు."

"పోయిన యేడుది గావొచ్చా?"

"గావొచ్చు. గాకపోవచ్చు. తెల్వనిది తెలుసని ఎట్ల జెప్పాలె?"

"మా పిలగానికి తెలిసిందట" అంది. ఆయన తల వంచుకుని నార బిగించాడు.

ఆమె లేవలేదు. "భాయ్, పోయినోళ్లు ఉండే కాడ గూడ పండ్లు పంచుతరంట" అంది. "పిల్లలందరిని వరుసగ నిలబెడతరంట. తల్లి ముందుగాల తిన్నోళ్లను పక్కకు జరుపుతరంట. నీ వంతు మీ అమ్మ తిన్నది, పో అంటరంట. మా అమ్మ జెప్పేది."

"మా దాంట్ల గట్ల లేదమ్మా."

"మీది మంచిగుంది" అంది.

ఇద్దరం తిరుగు దారి పట్టాం. రోడ్డు దిగి మా ఊరి బండ్ల బాట పట్టాక అంది:

"పోరీ, వాడు అబద్ధం ఆడిండు."

"ఎవరు అత్తమ్మా? సాయబా?"

"సాయబు గాదు, నీ మొగడు. డబ్బ మీద పోయిన యేడు అని ఎవడన్న రాస్తడా? ఎప్పటికి పోయిన యేడు? వచ్చే యేడు సదివెటోనికి గది ఏ యేడు గావాలె?"

ఆమెకు ఒక్క అక్షరం రాదు. కోర్టు గుమస్తా అబద్ధాన్ని పట్టుకోవడానికి అక్షరం అవసరం కూడా రాలేదు. "మరి నిన్ననే అడగకపోయినవ్?" అన్నాను.

"అడిగితే ఇంకోటి ఆడాలె. ఒకటే ఆడనీ. నా కోసమే ఆడిండు. నాకు తెలిసినట్టు వానికి జెప్పకు."

"పెట్టింది నేను. నన్ను తిట్టు అత్తమ్మా."

"నీకు ఎవ్వలు జెప్పలె. తెల్వక పెట్టినవ్. నేను తెల్వక తిన్న. అయితే తిన్నది నేనే గదా."

తెలియక పెట్టాను, నిజమే. ఏమిటో చెప్పకుండా పెట్టింది మాత్రం తెలిసే. అది ఆ బాట మీద చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. ఆమె నడుస్తూనే ఇంకో మాట అంది: "ఇగ నా వంతు మామిడి గూడ ఆ పోయినోనిదే." ఎన్నేళ్లని అడిగితే, ఉన్నన్ని ఏండ్లు అంది. సంతలో ఏదో తీర్మానించుకున్నట్టు చెప్పింది, గొంతు మారలేదు.

ఇంటికి రాగానే మిగిలిన ముక్కల గిన్నె నా ముందు పెట్టింది. నేను తల అడ్డంగా ఊపాను.

"తిను. నీ కడుపుల ఉన్నోనికి కాలం తెల్వదు. వాడు అడుగుతున్నడు, నువ్వు గాదు."

తిన్నాను. ఆమె ఎదురుగా కూర్చుని చివరి ముక్కదాకా చూసింది.

తరువాత నాలుగు ఎండాకాలాలు వచ్చాయి. ప్రతిసారీ మొదటి పండు మా పెరటి మామిడి చెట్టు కింద ఆకులో పెట్టేది. మునుపు ఒకటి పెట్టేదట, ఇప్పుడు రెండు. మా అందరికీ పండ్లు మాగేసి, ఏరి ఏరి పెట్టేది. మీ తాత, "మన చెట్టుదే పెద్దమ్మా, తిను" అని బతిమాలేవాడు. "వేడి జేస్తది కొడుకా" అనేది. ఆయన నమ్మాడు. వేడి తగ్గడానికి మజ్జిగ తెచ్చి ఇచ్చేవాడు. ఆమె మజ్జిగ తాగేది. నేను అక్కడే ఉండేదాన్ని. మొదటి ఏడు నాకు పండు గొంతు దిగలేదు. రెండో ఏడు దిగింది. నాలుగో ఏటికి ఆమె తినకపోవడం ఇంట్లో రోలు ఉన్నట్టు, తలుపు ఉన్నట్టు అయిపోయింది. అలవాటు పడనిది ఏదీ లేదు బిడ్డా, నేను చూసినంతలో.

ఆమె అనపకాయల నెలలోనే పోయింది. పొద్దున గడప పక్కన కూర్చుని అనపకాయలు ఒలిచింది. మధ్యాహ్నానికి లేదు. నాకు ఏడుపు రాలేదు. ఒలిచిన గింజలు గిన్నెలో అలాగే ఉంటే, వీటిని ఏం చేయాలి అని అదే ఆలోచించాను. ఇంటి నిండా మనుషులు. ఎవరో ఒకరు ఆ గిన్నెను తీసి పక్కన పెట్టారు.

పదకొండో రోజున పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో పెడతారు కదా. ముందురోజు మీ తాత సంగారెడ్డి నుంచి డబ్బా తెచ్చాడు. అలాంటిదే. ఎక్కడెక్కడ తిరిగి కొన్నాడో.

"పెద్దమ్మకు మామిడంటే పానం. నాలుగేండ్ల సంది వేడి జేస్తదని ముట్టలే. రేపు ఆకుల పెడదాం" అన్నాడు. ఉలి కోసం వెతుకుతున్నాడు.

"వద్దు" అన్నాను.

"ఎందుకొద్దు? అప్పుడు గూడ పోయిన యేడుదని జెప్తే ఊకున్నది గదా."

"ఊకోలే. నువ్వు అబద్ధం ఆడినవని ఆమెకు తెలుసు."

ఆయన ఉలి వెతకడం ఆపాడు. నేను మొత్తం చెప్పాను. పటాన్‌చెరు, సాయబు, బండ్ల బాట, రెండు పండ్లు ఎందుకు పెట్టేదో కూడా. వేడి లేదు, ఏమీ లేదు అని చెప్పాను. ఆయన డబ్బా చేతిలో పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"గప్పటి సంది తెలుసా?"

"తెలుసు."

"మరి నువ్వు నాకెందుకు జెప్పలే?"

"నువ్వు ఒకటే అబద్ధం ఆడాలన్నది. ఇంకోటి ఆడొద్దన్నది."

ఆయన డబ్బాను మళ్లీ పేపరులో చుట్టాడు. మజ్జిగ గుర్తుకొచ్చి ఉంటుంది. డబ్బాను తరువాత ఎవరికిచ్చాడో నాకు తెలియదు. మర్నాడు ఆకులో అనపగింజల కూర పెట్టాం, జొన్నరొట్టె పెట్టాం. ఆ నెలలో ఏది ఉంటే అదే. "కాలం వచ్చినప్పుడు పండు పెడదాం" అని ఆయనే అన్నాడు.

కాలం వచ్చింది. ఉగాది పోయి, ఎండలు ముదిరాక, చెట్టు మీదే పండి రాలిన మొదటి పండ్లు నాలుగు తెచ్చి కడిగాం. చెట్టు కింద రెండు ఆకులు వేశాం. కొడుకు ఆకులో ఒక పండు, కోయకుండా, తొడిమతో పెట్టాను. అది మాకు తెలుసు. వాడు పండును పిసుక్కొని రసం తాగెటోడు, కోస్తే కోపం చేసెటోడు అని ఆమె పెట్టిన ప్రతిసారీ చెప్పేది.

రెండో ఆకు ఆమెది. పండు చేతిలో పట్టుకున్నాను, కత్తి పక్కనే ఉంది. ఆమె మామిడి తినగా నేను చూసింది ఒక్కసారే. అది నేను పెట్టింది, మసక చీకట్లో, గుమ్మడికాయ అనుకుని తిన్నది. మీ తాతను అడిగాను.

"పెద్దమ్మ ఎట్ల తినేది? కోసుకునేదా, పిసుక్కునేదా?"

ఆమె చేతుల్లో పెరిగిన మనిషి. పాతిక ఎండాకాలాలు పక్కన కూర్చుని తిన్న మనిషి. చెట్టు వైపు చూశాడు.

"యాదికొస్తలేదు" అన్నాడు.

ఆమె ఆకులో ఒకటి కోసి పెట్టాను, ఒకటి కోయకుండా పెట్టాను.